ఈ జూన్ నుంచి వ్యాన్ ఫీజు 150 పెంచుతున్నాను, ఎందుకో చెబుతాను

తిరుపతిలో మా రెండు స్కూలు వ్యాన్లలో పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలందరికీ నమస్కారం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. బడులు తెరిచే జూన్ 12 నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 150 రూపాయలు పెంచుతున్నాను. డీజిల్ మీద నెపం పెడితే మీరెవరూ ప్రశ్నించరు, నాకూ సులువు. కానీ ఇది డీజిల్ కోసం కాదు. రెండో వ్యాన్‌లో ఇన్నాళ్లూ ఆయా లేదు, ఇప్పుడు పెడుతున్నాను. ఆమె జీతం 7,000. మన పిల్లలు 46 మంది. గుణిస్తే 6,900 వస్తుంది, మిగతా వంద నాది. ఆరేళ్లు ఆయా లేకుండా నడిపినవాడికి ఇప్పుడేం జ్ఞానోదయమైందని మీరు అడగొచ్చు. అడక్కపోయినా చెప్పాల్సిన బాధ్యత నాది, ఎందుకంటే తప్పు జరిగింది నా బండిలో.

ఫిబ్రవరిలో జరిగిన గొడవ మీలో కొందరికి తెలుసు. కొందరికి సగమే తెలుసు, కథ పెరిగింది ఆ సగం దగ్గరే. కాబట్టి పిల్లల పేర్లు లేకుండా మొత్తం రాస్తున్నాను.

కొర్లగుంట వైపు వెళ్లే రెండో వ్యాన్ నేనే నడుపుతాను. అందులో నాలుగో తరగతి పిల్లవాణ్ని ఏడో తరగతి పిల్లవాడు నాలుగు నెలలు ఏడిపించాడు. ఏడిపించడం అన్నది ఇక్కడ చాలా చిన్న మాట. రోజూ పది రూపాయలు తెమ్మనేవాడు. తేకపోతే కంపాస్ ముల్లుతో తొడమీద గుచ్చేవాడు. నిక్కరు కింద గుచ్చితే ఇంట్లో ఎవరికీ కనపడదని వాడికి తెలుసు. స్నాక్స్ డబ్బా ఎలాగూ వాడిదే.

నాకు గుర్తులు కనపడలేదా అంటే, కనపడ్డాయి. చిన్నవాడు సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి అనేవాడు. ఇంట్లో వాళ్లమ్మ వామునీళ్లు తాగించి పంపేది. ఒకరోజు నా పక్కకు వచ్చి, "అన్నా, నేను ముందు కూర్చుంటా" అన్నాడు. ముందు సీటు ఏ పిల్లవాడికి చేదు? కూర్చోరా అన్నాను. మూడు రోజులయ్యాక ఇంకొకడు పోటీకొస్తే వీణ్ని మళ్లీ వెనక్కి పంపాను. ఎందుకడిగావురా అని ఒక్క మాట అడగలేదు. అద్దంలో నాకు కనపడేవి తలకాయలే. అల్లరి వినలేక పాటలు పెద్దగా పెట్టేవాణ్ని. దాంతో ఏడుపు కూడా వినపడలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అన్నమయ్య సర్కిల్ దగ్గర ఆగినప్పుడు ఐదో తరగతి అమ్మాయి లేచి వచ్చి నా భుజం తట్టింది. "అన్నా, వాడి దగ్గర బ్లేడుంది" అంది. పెన్సిల్ చెక్కుకునే షార్ప్‌నర్‌లోంచి ఊడదీసిన బ్లేడు. పట్టుకున్నది ఏడో తరగతివాడు కాదు, చిన్నవాడు. "ఇంకోసారి గుచ్చితే కోస్తా" అంటున్నాడు, చెయ్యి వణుకుతోంది. ఆ అమ్మాయి ఇంకో రెండు నిమిషాలు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఈ రోజుకీ తలుచుకోలేను.

బండి పక్కకు ఆపి బ్లేడు తీసుకున్నాను. తర్వాత చేసింది కూడా రాయాలి. పెద్దవాడి చెంప మీద ఒక్కటి కొట్టాను. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ కుదరవని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. వ్యాన్ బడి కాదు కదా అని ఆ రాత్రి నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పిల్లవాడికి అందులో తేడా ఏం తెలుస్తుంది? పెద్దగా ఉన్నవాడు చిన్నవాణ్ని కొట్టొచ్చని వాడు నాలుగు నెలలుగా నమ్ముతున్నాడు, నేను అందరి ముందూ అది నిజమేనని చూపించాను.

మరునాడు వాళ్లింటికెళ్లి క్షమాపణ చెప్పాను. వాళ్ల నాన్న, "దానికేముందన్నా, మేమూ రాత్రి నాలుగు తగిలించాం" అన్నాడు. పిల్లవాడి సంగతి అప్పుడు కొంత అర్థమైంది.

బడికీ చెప్పాను. అక్కడ ఒకరు, "గేటు బయట జరిగింది మాకు సంబంధం లేదండీ" అన్నారు. మీరేమో ఇంటి గేటు దాటితే బడి చూసుకుంటుందనుకుంటారు. ఈ గేటుకీ ఆ గేటుకీ మధ్య పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు. రోజుకు గంటా ఇరవై నిమిషాలు మన పిల్లలు ఎవరి ఖాతాలోనూ లేరు. ఇకమీదట నా ఖాతాలో రాసుకుంటున్నాను.

ఇంతకాలం భద్రత అంటే బండి కండిషన్ అనుకున్నాను. మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు ప్రతి ఏడూ మే 15తో ముగుస్తుంది, ఆ తేదీ నేను ఎప్పుడూ తప్పలేదు. బ్రేకులు, టైర్లు, లైట్లు అన్నీ సరిగ్గా ఉంటాయి. స్కూలు బస్సుల గురించి సుప్రీంకోర్టు 1997లోనే చెప్పిన జాబితా ఉంది. పసుపు రంగు, వేగం మించకుండా ఆపే స్పీడ్ గవర్నర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్, కిటికీలకు అడ్డ కడ్డీలు. పిల్లలతో పాటు ఒక మనిషి బస్సులో ఉండాలన్నది కూడా ఆ జాబితాలోదే. అన్నీ పెట్టి, ఖర్చని ఆ ఒక్క మనిషినీ వదిలేసింది నేను.

సిలిండర్ మాటొచ్చింది కాబట్టి ఇది కూడా. మార్చిలో తీసి చూస్తే దాని ముల్లు ఎర్ర గీతలో ఉంది, అంటే అవసరానికి పనికిరాదు. ఎఫ్‌సీ రోజున పచ్చలోనే ఉండింది, నిజం. ఆ తర్వాత చూసినవాడు లేడు. వెనక అత్యవసర తలుపు దగ్గర పిల్లల బ్యాగులు గుట్టగా పడేసేవాళ్లం, మరి ఎక్కడ పెట్టాలి? 2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పసిబిడ్డలు పోయారు. వంటగదిలో మంట గడ్డి కప్పుకు అంటుకుంది, దిగడానికి ఇరుకు మెట్లే దారి. ఆ ప్రమాదం తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో మంటలార్పే సాధనాలు, సిబ్బందికి శిక్షణ ఉండాలని చెప్పింది. మనకు అట్లాంటివి ఎక్కడో జరిగేవి. నా బండిలో ఆ ఇరుకు మెట్లు అంటే బ్యాగుల గుట్టే.

ఇప్పుడు బ్యాగులు సీట్ల కిందికి వెళ్లాయి. మార్చి నుంచి రెండు శనివారాలకొకసారి ఖాళీ స్థలంలో బండి ఆపి, పిల్లలతో దిగడం ప్రాక్టీస్ చేయిస్తున్నాను. మొదటిసారి 21 మంది దిగడానికి రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. అందరూ బ్యాగులు, నీళ్ల సీసాలు వెతుక్కున్నారు. ఒకడు ఊడిన చెప్పు కోసం వెనక్కెళ్లాడు. "ఏదీ తీయొద్దు, పెద్దవాళ్లు చిన్నవాళ్ల చెయ్యి పట్టుకోవాలి" అన్న రెండు మాటలే నేర్పాను. మూడోసారికి 55 సెకన్లు. చిరుత వస్తే ఏం చెయ్యాలన్నా అని యూనివర్సిటీ వైపు పిల్లలు అడిగారు. తిరుపతి పిల్లలకు రావాల్సిన అనుమానమే. దిగకుండా తలుపులు వేసుకుని కూర్చుంటాం అని చెప్పాను.

వాన సంగతి. నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండుకు బడి ఉన్నట్టుండి వదిలేశారు. అరగంటలో నాకు ముప్పై ఫోన్లు. ఒక పాపను వాళ్ల మేనమామ బైకు మీద తీసుకెళ్లిపోయాడు, నాకు చెప్పలేదు, వాళ్లమ్మకూ చెప్పలేదు. నలభై నిమిషాలు వానలో వెతికాం. పాప ఇంట్లో టీవీ చూస్తోంది. ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే ఏ బిడ్డను ఎవరి చేతికి ఇవ్వాలో నా దగ్గర రాసి పెట్టింది ఏదీ లేదు. ముఖాలు గుర్తుపట్టి ఇచ్చేయడమే. ఆ ముఖం మేనమామదో ఇంకెవరిదో నాకెలా తెలుస్తుంది?

అందుకే రిజిస్టర్. ప్రతి బిడ్డకు మీరు రాసిచ్చిన ముగ్గురి పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు. ఆ ముగ్గురు కాకుండా కన్నతండ్రి తమ్ముడే వచ్చినా మీకు ఫోన్ చేసి, మీ గొంతు విన్నాకే అప్పగిస్తాను. వాట్సాప్ మెసేజ్ చాలదు. కోపం తెచ్చుకోకండి. వాన గట్టిగా పడితే వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జిలోకి బండి దించను. 2021 అక్టోబరులో అక్కడ నిలిచిన నీళ్లలో కారు చిక్కుకుని ఒక యువతి చనిపోయింది. చుట్టూ తిరిగి వస్తాం, అరగంట ఆలస్యమైనా ఎక్కడున్నారని ఫోన్ చేయకండి. డ్రైవింగ్‌లో ఉన్నప్పుడు నేను ఎత్తను, ఆయా ఎత్తుతుంది.

బడికి బాంబు బెదిరింపు లాంటిది వస్తే ఏం చేస్తావని ఒక నాన్నగారు అడిగారు. 2024 అక్టోబరులో మన హోటళ్లకు అట్లాంటి మెయిళ్లు వచ్చి, చివరికి ఉత్తవని తేలింది, మీకు గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం బాంబు కంటే గేటు భయం ఎక్కువ. వార్త వినగానే వందల బైకులు ఒకే గేటు మీద పడతాయి. లోపలున్న పిల్లలు బయటికి, బయటున్న మనం లోపలికి. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో గేటు దగ్గర తొక్కిసలాట జరిగింది. ఆ రాత్రి నగరంలో ఆరుగురు పోయారు. వాళ్లు పెద్దవాళ్లు. అక్కడ ఎల్‌కేజీ పిల్లలుంటే? కాబట్టి అట్లాంటి రోజున మన వ్యాన్ గేటు దగ్గర ఉండదు. దూరంగా ఆగే చోటు రెండు రూట్లకూ వేరువేరుగా అనుకున్నాను, మీటింగ్‌లో చూపిస్తాను. మీరూ గేటుకు కాదు, అక్కడికే రండి.

ఇంకొకటి, పుకార్లు. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో ఎంత గోల జరిగిందో మర్చిపోయామా? దారిన పోయేవాళ్లను పట్టుకుని కొట్టారు. మన గ్రూపులో ఇకనుంచి అత్యవసర వార్త నేనొక్కణ్నే పెడతాను. ఫార్వర్డ్‌లు వస్తే తీసేస్తాను, పంపింది మా అత్తగారైనా సరే.

కెమెరా పెట్టమని చాలామంది అడిగారు. రెండు వ్యాన్లకూ పెట్టిస్తున్నాను, దానికి డబ్బు అడగను. కానీ కెమెరా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. జరిగాక చూపిస్తుంది, జరగబోయేటప్పుడు "ఏంరా, ఎందుకలా ఉన్నావు" అని అడగదు. కెమెరా కొంత నా కోసం కూడా. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక బడిలో ఏడేళ్ల పిల్లవాడు హత్యకు గురైతే పోలీసులు మొదట పట్టుకెళ్లింది బస్సు కండక్టర్‌ను. తర్వాత సీబీఐ అదే బడిలో పదకొండో తరగతి విద్యార్థిని పట్టుకుంది, కండక్టర్‌ను కోర్టు వదిలేసింది. బండి నడిపేవాడి మీద అనుమానం ముందు వస్తుంది. రావడం తప్పనను, మీ బిడ్డలు మరి. అందుకే మా డ్రైవర్లు, ఆయాల పోలీసు వెరిఫికేషన్ కాగితాలు కూడా మీటింగ్‌కు తెస్తున్నాను, చూసుకోండి.

ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఎవరైనా బిడ్డ నాతో గానీ ఆయాతో గానీ, ఫలానా మనిషి నన్ను ఒళ్లంతా తడుముతున్నాడు అని చెబితే ముందు మీకు చెబుతాను. ఆ మనిషి మీ ఇంట్లోవాడే అయితే మీకంటే ముందు పోలీసులకు చెబుతాను. పరువు పోతుందని, పెళ్లి కావాల్సిన పిల్ల అని నన్ను ఆపొద్దు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. పోలీసుల కోసం 112, పిల్లల కోసం ఉన్న 1098, అంబులెన్స్ 108, ఫైర్ 101, ఈ నాలుగూ పెద్ద అంకెల్లో సీట్ల వెనక అతికించాను. రెండో తరగతి వాళ్లు అప్పుడే వాటితో పాట కట్టేశారు, వినలేక చస్తున్నాం.

మీరు చెయ్యాల్సింది కొంచెమే. పిల్లలు వ్యాన్ వద్దంటే బద్ధకం అని తీసిపారేయకండి, నాకొక ఫోన్ కొట్టండి. డబ్బాలో పెట్టింది తిన్నారో లేదో, జేబులో చిల్లర ఎటు పోతోందో చూడండి. "ఎవరైనా కొడితే నువ్వూ ఒకటి పీకు" అని చెప్పి పంపొద్దు. ఆ మాట బండిలోకి వచ్చాక బ్లేడు అవుతుంది, నేను చూశాను. నా వైపు నుంచి, నేను గానీ మా ఆయాలు గానీ ఏ బిడ్డ మీదా చెయ్యి ఎత్తం. ఎత్తితే ఆ నెల ఫీజు కట్టొద్దు, ఊరికే అనడం లేదు.

చిన్నవాడు ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటున్నాడు. పెద్దవాణ్ని వాళ్ల నాన్న వ్యాన్ మాన్పించాడు. మాన్పించకుండా ఉంటే బాగుండేది, వాడితో నేను కూర్చుని మాట్లాడాల్సింది చాలా మిగిలిపోయింది. లీలామహల్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో కోసం నిలబడి అప్పుడప్పుడు కనపడతాడు, వ్యాన్ చూసి మొహం తిప్పుకుంటాడు. వాళ్ల నాన్నకు మళ్లీ ఫోన్ చేశాను, ఆలోచిస్తామన్నారు.

బడి తెరవడానికి ముందొచ్చే ఆదివారం పొద్దున పదింటికి మా షెడ్డు దగ్గర మీటింగ్. ముగ్గురి పేర్లు, రెండేసి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తెండి. కొత్త ఆయాను పరిచయం చేస్తాను, సిలిండర్ ముల్లు మీరే చూసుకోవచ్చు. టీ, మసాలా వడ నా ఖర్చు. 150 ఎవరికైనా కష్టమైతే మీటింగ్‌లో చెప్పనక్కర్లేదు, నాకు విడిగా ఫోన్ చేయండి, ఎంత కట్టగలరో అంతే కట్టండి.