తుప్పు మీదే పుట్టీ రాయమన్న మీ రిపేర్ కిట్ గురించి ఫిర్యాదు

గాజువాక, విశాఖపట్నం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో వాడుకునే కారు బాడీ రిపేర్ కిట్‌లో పాడైన హార్డెనర్, తప్పుడు సూచనలు, తయారీ తేదీ మీద అంటించిన స్టిక్కర్ - డబ్బు వాపసు, సూచనల సవరణ కోరుతూ.

నమస్కారం.

మీ కిట్‌ని ఈ వేసవిలో 3,850 రూపాయలు పెట్టి కొన్నాను. పుట్టీలో కలిపితే దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సగం ఎండిపోయి వచ్చింది. డబ్బా మీద తేదీ కనపడకుండా ఇంకో స్టిక్కర్ అంటించారు. వీటికన్నా ఘోరం, లోపల పెట్టిన సూచనల కాగితమే తప్పు. దాన్ని పొల్లుపోకుండా పాటించిన చోటే నా కారు తలుపు మొదటికన్నా పాడైంది. ఫోన్ చేస్తే మీవాళ్లు "పని రానివాళ్లు చేస్తే అలాగే ఉంటుంది సార్" అన్నారు. ఆ మాట ఎందుకు తప్పో మీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది పాత ఆల్టో కారు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు అయిపోవచ్చింది. ఇన్‌స్పెక్షన్‌లో బండి బాగుందని తేలితే ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. ఇంజన్ బాగుంది, బ్రేకులు బాగున్నాయి. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి తలుపుల కింది అంచులు, వెనక వీల్ ఆర్చ్‌లు (చక్రాల పైన వంపుగా ఉండే రేకు) మాత్రం తుప్పు పట్టాయి. తలుపు కింద నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే లోపల నీళ్లు నిలిచి, తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. బయట పెయింట్ ఉబ్బేసరికే రేకు సగం తినేసి ఉంటుంది. రెండు వైపులా బాగు చేయడానికి ఇక్కడి ఆటోనగర్‌లో 18,000 చెప్పారు. ఎక్కువ చెప్పారని నేను అనను. టింకరింగ్, పుట్టీ, పెయింట్ అంటే ఎంత చాకిరీయో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే నాకు, పిల్లల ఫీజులు కట్టే సమయంలో అంత డబ్బు సర్దుబాటు కాలేదు. అందుకే సొంతంగా చేసుకుందామనుకున్నాను. మీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో "అనుభవం అక్కర్లేదు, తుప్పు మీదే రాయండి, ఒక్క ఆదివారంలో పని పూర్తి" అని ఉంది. ఆ మాట నమ్మి కొన్నాను.

ముందు హార్డెనర్ సంగతి. ట్యూబు మూత తీసి నొక్కితే మొదట పల్చటి నూనె లాంటి ద్రవం కారింది. ట్యూబుని చేత్తో బాగా పిసికి మళ్లీ నొక్కితే మధ్యలో ఉన్న కొంత పేస్టు వచ్చింది. ఆ తర్వాత వచ్చినదంతా ఎర్రటి పొడి ముద్ద. వేళ్ల మధ్య నలిపితే ఇసకలా రాలిపోయింది. పాలియెస్టర్ పుట్టీలో కలిపే ఈ హార్డెనర్ బెంజాయిల్ పెరాక్సైడ్ అని ట్యూబు మీద మీరే రాశారు. అది వేడి తగలకుండా చల్లటి చోట ఉంచాల్సిన సరుకు, పైగా కొంత కాలమే పనిచేస్తుంది. మామూలుగా 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్ కలపాలి. మీ డబ్బాలో ఉన్నది 500 గ్రాముల పుట్టీ, ఇచ్చినది 10 గ్రాముల ట్యూబు. అంటే ఒక్క గ్రాము కూడా వృథా పోవడానికి వీల్లేదు. అందులో సగం ఎండిపోతే సగం పుట్టీ పనికిరానట్టే.

మధ్యలో వచ్చిన మంచి పేస్టుతో ఎడమ తలుపు అంచు వరకు చేశాను. అది గట్టిపడింది. మిగిలినది ఎడమ వీల్ ఆర్చ్‌కి కలిపితే మర్నాటికి కూడా బంకగానే ఉంది. ఎమరీ పేపర్‌తో రుద్దబోతే పేపరే పుట్టీతో పూడుకుపోయింది. చివరికి బ్లేడుతో గీకి, థిన్నర్‌తో తుడిచి మొత్తం తీసేయాల్సి వచ్చింది.

ఇక కొలత. మీ కాగితంలో "బఠానీ గింజంత హార్డెనర్ కలపండి" అని మాత్రమే ఉంది. ఎంత పుట్టీకి అన్నది ఎక్కడా లేదు. తక్కువైతే పుట్టీ గట్టిపడదు. ఎక్కువైతే ఆ పెరాక్సైడ్ తర్వాత పెయింట్‌లోంచి మరకై పైకి తేలుతుంది. మా ఊరి మే నెల ఎండలో కలిపిన పుట్టీ పలకమీదే బిగుసుకుపోతుంది కాబట్టి కొద్ది కొద్దిగా కలుపుకోవాలని ఒక్క ముక్క రాయొచ్చు కదా? రంగుల బొమ్మలకి నాలుగు పేజీలు కేటాయించారు, దీనికి ఒక్క వాక్యం లేదు.

అసలు నష్టం తలుపు దగ్గర జరిగింది. మీ కాగితంలో రెండు సూచనలున్నాయి. ఒకటి, వదులుగా ఉన్న తుప్పు దులిపేసి, మిగిలిన తుప్పు మీదే పుట్టీ రాయమని. రెండోది, దుమ్ము లేవకుండా ఇచ్చిన వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ పుట్టీని రుద్దమని. ఈ రెండూ కలిస్తే రేకు పని అయిపోయినట్టే. పాలియెస్టర్ పుట్టీలో టాల్కమ్ లాంటి పొడి ఎక్కువ. ప్రైమర్ పడని పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. పీల్చిన నీరు లోపలికి దిగి రేకుని తాకుతుంది. అక్కడ ముందే తుప్పుంటే ఇక అడ్డేముంది? పైనేమో నున్నగా ప్రైమర్, పెయింట్, కింద నిక్షేపంగా పెరిగే తుప్పు.

వానలు మొదలైన కొన్నాళ్లకే తలుపు కింది అంచు పొడవునా ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. ఒక బుడగ దగ్గర గోరు పెట్టి లేపితే పుట్టీ పొర బెత్తెడు ముక్కగా ఊడి చేతికొచ్చింది. పై వైపు తెల్లటి పెయింట్ చెక్కుచెదరలేదు. తిప్పి చూస్తే వెనక తడి గోధుమ రంగు పొడి, నేను పుట్టీ రాసినప్పుడు ఉన్న తుప్పు గుర్తులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. రేకు మీద చిల్లులు పడ్డాయి. కిట్ వాడకముందు అక్కడ గుంటలే తప్ప చిల్లుల్లేవు. ఫోటోలు జత చేశాను. ఊడిన ఆ ముక్కని కవర్లో దాచి ఉంచాను, మీ ప్రతినిధి వచ్చి చూడొచ్చు.

ఇప్పుడు "మీకు పని రాదు" అన్న మాట దగ్గరికి వస్తాను. కుడి వైపు కూడా నేనే చేశాను. అదే కారు, అవే చేతులు, అదే ఇంటి ముందు అదే షెడ్డు. తేడా ఒక్కటే, కుడి వైపు మీ కిట్ వాడలేదు. ఎడమ వీల్ ఆర్చ్ మీద పుట్టీ గట్టిపడకపోయేసరికి ఆటోనగర్‌లో పెయింట్ సామాన్లు అమ్మే పెద్దాయన్ని అడిగాను. ఆయన చెప్పిన పద్ధతి మీ కాగితానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. ముందు వైర్ బ్రష్‌తో, 80 నంబరు గరుకు ఎమరీ పేపర్‌తో రేకు తళతళలాడేదాకా తుప్పు తీయమన్నారు. గుంటల్లో చేయి ఆడని చోట మిగిలిన తుప్పుని నిలకడైన పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ (ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నది) రాసి, సీసా మీద చెప్పినట్టు కడిగి, బాగా ఆరనివ్వమన్నారు. ఆ తర్వాత రేకుకి తడి తగలకుండా కాపాడే తొలి పూత, ఎపాక్సీ ప్రైమర్. అది ఆరాక కాస్త గీసి, దాని మీద పుట్టీ. పుట్టీ మీద నీటి చుక్క పడనివ్వొద్దు, చెక్క ముక్కకి పేపర్ చుట్టి పొడిగానే రుద్దు, ముందు 80, తర్వాత 180, చివర 320 అన్నారు. పెయింట్‌కి ముందు పుట్టీ మీద వేసే సర్ఫేసర్ పూత కప్పేదాకా నీళ్ల మాటే వద్దన్నారు. ఇంకో కిటుకు చెప్పారు. సర్ఫేసర్ మీద నల్ల పెయింట్‌ని దూరం నుంచి పల్చగా చిలకరించి రుద్దితే, పల్లంలో ఉన్న చోట నలుపు మిగిలిపోతుంది, ఎక్కడ ఇంకా చదును కాలేదో కళ్లకు కడుతుంది. ఎంత చవకైన కిటుకు! దీనికోసం ఏ యంత్రమూ అక్కర్లేదు. మీ కాగితంలో దీని ఊసే లేదు.

ఆ సామాన్లన్నీ విడిగా కొంటే మీ కిట్ ధర కన్నా తక్కువే అయ్యాయి. హార్డెనర్‌ని బంగారం తూచే చిన్న కాటా మీద తూచి కలిపాను. వానాకాలం మొత్తం గడిచాక కూడా కుడి తలుపు మీద ఒక్క బుడగ లేదు. ఆ ఫోటోలూ పంపుతున్నాను. పని రానిది నాకే అయితే రెండు తలుపులూ ఒకేలా పాడవ్వాలి కదా.

తేదీ విషయం. పుట్టీ డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ఉండాల్సిన చోట కొత్త స్టిక్కర్ ఉంది. హార్డెనర్ పాడైందని అర్థమయ్యాక అనుమానమొచ్చి ఒక మూల లేపితే కింద అంతకు ముందు సంవత్సరం అచ్చు కనపడింది. ప్యాకేజ్డ్ సరుకుల మీద తయారీ నెల, సంవత్సరం తప్పనిసరిగా వేయాలని 2011 లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు చెబుతున్నాయి. ఆ వివరాలు మార్చడానికి స్టిక్కర్లు అంటించడాన్ని అవే నిబంధనలు ఒప్పుకోవు. ఇది గోడౌన్‌లో ఎవరో చేసిన పనా, పైనుంచి వచ్చిన ఆదేశమా మీరే తేల్చండి. డబ్బాని, స్టిక్కర్‌ని ఉన్నది ఉన్నట్టుగా భద్రపరిచాను.

అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టిన విషయం ఇంకొకటుంది. కిట్‌లోని సర్ఫేసర్‌కి కలిపే చిన్న సీసా మీద, భూతద్దం పెట్టి చూస్తే తప్ప కనపడని ఇంగ్లీషులో, ఐసోసయనేట్ అనే రసాయనం ఉందని రాశారు. స్ప్రే పెయింటర్లకు ఆస్తమా తెచ్చిపెట్టే వాటిలో అది ముఖ్యమైనది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడని పరిస్థితి రావచ్చు. దానికి తోడుగా మీరు పెట్టెలో పెట్టినది గుడ్డ మాస్కు! అది పుట్టీ దుమ్మునే సరిగ్గా ఆపదు, ఆవిరిని అసలే ఆపదు. సూచనల్లో మాత్రం "ఇంట్లో, గ్యారేజీలో ఎక్కడైనా వాడొచ్చు" అని ఉంది. నేను పని చేస్తుంటే మా అబ్బాయి పక్కనే కూర్చుని చూస్తుంటాడు. ఆ సీసా మీద రాసింది చదివాక దాన్ని తెరవకుండా పక్కన పెట్టేశాను. చదవనివాళ్ల సంగతేంటి? తెలుగు తప్ప ఇంకో భాష చదవలేని మెకానిక్ కుర్రాళ్లు కూడా ఇవి కొంటున్నారు. దయచేసి ఈ ఒక్క విషయాన్ని నా డబ్బు సంగతి కన్నా ముందు పట్టించుకోండి.

మీ కస్టమర్ కేర్‌తో మాట్లాడినప్పుడు ఇవన్నీ చెప్పాను. మొదట తర్వాతి కొనుగోలు మీద డిస్కౌంట్ కూపన్ ఇస్తామన్నారు. వద్దంటే "ఇది ప్రొఫెషనల్స్ వాడే మెటీరియల్, ఇంట్లో వాడితే మాకు బాధ్యత లేదు" అన్నారు. పెట్టె మీద "అనుభవం అక్కర్లేదు" అని రాసి అమ్మింది మీరే. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లకి మీ కాగితం అక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చేసిన అలవాటు వాళ్లకుంది. మేస్త్రికి ఇచ్చే డబ్బు లేక మీ దగ్గర కొనుక్కున్నవాళ్లకి మాత్రం ఆ కాగితమే మేస్త్రి. అది తప్పు చెబితే సరిచేసేవాళ్లు పక్కన ఎవరూ ఉండరు. నెలల తరబడి కూడబెట్టుకున్న డబ్బు, సెలవు రోజుల కష్టం రెండూ పోతాయి. నాకు ఇందులో కోపం తెప్పించింది అదే.

నేను అడుగుతున్నవి ఇవి. కిట్ ధర 3,850 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వండి. ఎడమ తలుపు కింద చిల్లులు పడిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయడానికి ఆటోనగర్‌లో 4,500 చెప్పారు, ఆ ఎస్టిమేట్ జత చేశాను, అది కూడా మీరే భరించాలి. స్టిక్కర్ మార్చిన సరుకుని అమ్మకం నుంచి వెంటనే తీసేయండి. ఇప్పటికే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి తుప్పు మీద పుట్టీ రాయొద్దని, ఉత్త పుట్టీని నీళ్లతో రుద్దొద్దని, ఆ చిన్న సీసాని తగిన మాస్కు లేకుండా వాడొద్దని వాళ్లకి మెసేజ్ పంపండి. కొత్త సూచనల కాగితం తెలుగులో కూడా వేయండి, అందులో హార్డెనర్ కొలత గ్రాముల్లో ఉండాలి. అది రాయడానికి పని తెలిసిన పెయింటర్‌ని కూర్చోబెట్టండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, నేను ఉంటున్న ఊళ్లోనే కేసు వేసే వీలు ఆ చట్టం ఇచ్చింది. లోపమున్న వస్తువు వల్ల, సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల జరిగిన నష్టానికి తయారీదారుని బాధ్యుణ్ణి చేసే అధ్యాయం కూడా అందులో ఉంది.

డబ్బు వాపసుకు బ్యాంకు వివరాలు విడిగా పంపుతాను. కూపన్ మాత్రం పంపకండి.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు

జత చేసినవి: బిల్లు కాపీ, రెండు తలుపుల ఫోటోలు, స్టిక్కర్ కింది తేదీ ఫోటో, మీ సూచనల కాగితం కాపీ, వెల్డింగ్ ఎస్టిమేట్.