సీనాకి, సిమ్యులేటర్ ఉస్తాద్ గురించి

తిరుపతి

ఒరేయ్ సీనా,

చిత్తూరులో ఎండలు ఎట్లున్నాయి రా? ఇక్కడ మధ్యాహ్నం గాంధీ రోడ్డు మీద కాలు పెట్టలేం.

సైన్యంలో సెక్షన్‌కి, అంటే పదిమంది జవాన్ల జట్టుకి, సిమ్యులేటర్ మీద ఇచ్చే ట్రైనింగులో తప్పులు పట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ కడతానన్నావు. కట్టు గానీ, మొదటే ఏఐ జోలికి పోవద్దు. ముందు ట్రైనింగిచ్చే ఉస్తాద్‌ని కూర్చోబెట్టి, ఏం చూస్తే తప్పంటాడో అడుగు. "గుంపుగా పోతున్నారు" అంటాడు. ఎంత దగ్గరికొస్తే గుంపు? ఎంతసేపు? మైదానంలోనా, గోడ చాటునా? వీటికి జవాబు లేకుంటే మిషన్ ఏం చూడాల?

అమెరికా సైన్యం వాళ్ల ట్యూటర్ సాఫ్ట్‌వేర్ 'గిఫ్ట్' నడిచేదీ ఇట్లే. టాస్కు అంటే చేయాల్సిన పని, దానికింద కాన్సెప్టు, అంటే అందులో చూడాల్సిన అంశం, దానికింద కండిషను, అంటే డేటాతో కొలిచి చూసే షరతు. కండిషను చెప్పేది నాలుగే మాటలు: తక్కువ, సరిపోయింది, ఎక్కువ, తెలియదు. ఆ 'తెలియదు'ని పాసు కింద జమేస్తే మాత్రం కొంప మునుగుతుంది. డేటా రాని జవానుకి మంచి మార్కులు పడిపోతాయి.

ఇద్దరు జవాన్ల మధ్య దూరానికి హద్దు 5 మీటర్లనుకో. సరిగ్గా 5 దగ్గరే గీత గీస్తే, జవాను 4.9కీ 5.1కీ మధ్య నడుస్తున్నంతసేపూ చెవిలో మోత ఆగదు. లోపల 4 సెకన్లు వరుసగా ఉంటేనే తప్పు, మళ్లీ 6 దాటితేనే క్లియర్ అని పెట్టు. ఇవి మాటవరసకి చెప్పిన అంకెలు, అసలువి ఉస్తాద్ చెప్పాల.

జవాన్ల స్థానాలు డిస్ (DIS) ప్యాకెట్లలో వస్తాయి, అంటే సిమ్యులేటర్లు ఒకదానికొకటి నెట్‌వర్క్‌లో పంపుకునే చిన్న సందేశాల్లో. కదలని మనిషికి మామూలుగా 5 సెకన్లకొకటి. 12 సెకన్లు ఏదీ రాకుంటే వాడు లేనట్టే లెక్క. నడిచేవాడు ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య ఎక్కడున్నాడో వేగాన్ని బట్టి నువ్వే లెక్కేసుకోవాల. లేదంటే మనుషులు కప్పల్లా గెంతినట్టు కనబడి, జరగని తప్పులు పడతాయి.

ఇంకోటి, ఇది దాదాపు అందరూ పడే గుంత. ఆ ప్యాకెట్లలో ఎక్స్, వై, జడ్ భూమి మధ్య నుంచి కొలిచినవి. జడ్ అంటే ఎత్తు అనుకున్నావో, అయిపోయావు. మన తిరుపతి 79 డిగ్రీల రేఖాంశం దగ్గరుంది కదా, అలిపిరి నుంచి కొండెక్కేవాడి ఎత్తు ఎక్కువగా కలిసేది వైలోనే! దూరాలు లెక్కేసే ముందు అన్నిటినీ స్థానిక తూర్పు, ఉత్తరం, ఎత్తుల్లోకి మార్చు. శేషాచలం భూమినే వాడతానంటే ఇంకో తిప్పలు: 30 మీటర్ల గడుల ఎత్తు డేటాలో బండలూ వంకలూ కనబడవు. బండ చాటున నక్కినవాడిని 'ఆరుబయట ఉన్నాడు' అంటుంది మిషన్.

తుపాకీ మూతి తోటివాడి మీదికి తిరిగిందా అని చూడ్డం పైకి తేలిగ్గా కనబడుతుంది. చాలా సిమ్యులేటర్లు ఒంటి దిక్కే పంపుతాయి, తుపాకీ దిక్కు పంపవు. ముందు ఆ సంగతి తేల్చుకో. తేలకుంటే ఆ కండిషన్ తీసేయ్, అబద్ధపు గద్దింపు కంటే అదే నయం.

ఇక మిషన్ ఎప్పుడు నోరు విప్పాలనేది. ఘాట్ రోడ్డు మీద వెనక సీట్లోంచి ప్రతి మలుపుకీ "బ్రేక్, బ్రేక్" అని అరిచేవాడుంటే డ్రైవరు రోడ్డు చూడ్డం మానేసి వాడి మాట కోసం చూస్తాడు. జవానూ అంతే. ప్రాణం మీదికొచ్చేదైతే వెంటనే చెప్పు, ఒక్క ముక్కలో. మిగతావి రాసిపెట్టుకుని కసరత్తు అయ్యాక రీప్లేలో చూపించు. రేడియోలో ఆర్డరు నడుస్తుంటే అసలు మాట్లాడొద్దు. ఒక్కడి తప్పు వాడి హెడ్‌సెట్‌లోనే చెప్పు. సెక్షనంతా చెదిరితే చెప్పాల్సింది సెక్షన్ కమాండర్‌కి, పదిమందికీ కాదు. ఇక్కడ కక్కుర్తిపడితే మిగతా పనంతా వృథా.

ట్యూటర్ సాఫ్ట్‌వేర్లు మనిషి గురువుకి దాదాపు సమానమని వాన్‌లేన్ అనే పరిశోధకుడు 2011లో చూపించినాడు: ట్యూటర్ లేనివాళ్లతో పోలిస్తే మెరుగు, 'ఎఫెక్ట్ సైజు' లెక్కలో, సాఫ్ట్‌వేర్‌తో 0.76, మనిషితో 0.79. దాన్ని పట్టుకుని పైవాళ్లకి మాటివ్వొద్దు. అది ఒంటరిగా లెక్కలూ ఫిజిక్సూ లాంటివి నేర్చుకునేవాళ్ల సంగతి, జట్టు కసరత్తుది కాదు.

లైవ్‌లో పెట్టేముందు పాత రికార్డింగులు ఇద్దరు ఉస్తాదులకి విడివిడిగా చూపించి మార్కులేయించు. వాళ్లిద్దరికే కుదరని కండిషన్ని ఇంకా కోడ్‌లో పెట్టొద్దు. ఆ మార్కుల పట్టిక వచ్చినాక నాకూ ఒకటి పంపు, చూసి చెప్తా.

అమ్మని అడిగినట్టు చెప్పు.

నీ
రవి