పెద్దల హాలోవీన్‌కు టికెట్ పార్టీలే దిక్కా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ప్రవాస తెలుగువారి కోసం కేటాయించిన పేజీని ఏళ్ల తరబడి చదువుతున్న పాఠకురాలిని. అక్టోబరు వచ్చిందంటే ఆ పేజీలో హాలోవీన్ గురించి రెండు రకాల విషయాలే కనబడతాయి. ఒకటి, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగు చేసుకునే ఫొటోలు. రెండోది, పెద్దల కోసం ఏదో హోటల్ హాలులో అర్ధరాత్రి దాటేదాకా చెవులు చిల్లులు పడే డీజేతో జరిగే టికెట్ పార్టీల ప్రకటనలు. పిల్లలు కాలేజీ చదువులకు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన దంపతులు, ఎమ్మెస్ చదువుతున్న విద్యార్థులు, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని శనివారం కాస్త గాలి పీల్చుకోవాలనుకునే ఉద్యోగులు ఈ రెండింటిలో దేనికీ చెందరు. పెద్దల హాలోవీన్ సాయంత్రాన్ని హడావిడి లేకుండా, పెద్ద ఖర్చు లేకుండా, మర్నాడు తలనొప్పి లేకుండా గడపవచ్చునని, అందుకు ముందుగా కాస్త ఆలోచన పెడితే చాలునని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను కనుక నాకు తెలిసిన చుట్టుపక్కల చోట్ల గురించే రాస్తాను.

2026లో హాలోవీన్ రోజు, అంటే అక్టోబరు 31, శనివారం నాడు వస్తోంది. పైగా ఆ రాత్రి గడిచి నవంబరు 1 తెల్లవారుజామున 2 గంటలకు ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆలస్యంగా పడుకున్నవారికి కూడా ఒక గంట నిద్ర తిరిగి దక్కుతుంది. దీపావళి ఆ పై ఆదివారం, నవంబరు 8న. 2024లో రెండు పండుగలూ అక్టోబరు 31నే రావడంతో, గుమ్మంలో ప్రమిదలు పెట్టాలా లేక గుమ్మడికాయ పెట్టాలా అన్న మీమాంసతో పాటు ఎవరింటికి వెళ్లాలన్న ఇబ్బంది కూడా చాలామందికి ఎదురైంది. ఈసారి ఆ చిక్కు లేదు. బతుకమ్మ, దసరా సంబరాలు అప్పటికే ముగిసి ఉంటాయి కనుక తెలుగు సంఘాల కార్యక్రమాలతోనూ పెద్దగా పోటీ ఉండదు.

పెద్దవాళ్లకు వేషాలేమిటన్న మాట మన ఇళ్లలో వెంటనే వినబడుతుంది. తిరుపతి గంగమ్మ జాతర చూసినవారు ఆ మాట అనలేరు. అక్కడ వారం రోజుల పాటు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కడతారు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని నడివీధిలో అమ్మవారి గుడికి నడుస్తారు. అది మొక్కు, ఇది సరదా. రెండింటినీ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. వయసొచ్చినవాళ్లు వేషం కట్టి నలుగురిలోకి రావడం మనకు కొత్తేమీ కాదని మాత్రమే అంటున్నాను.

న్యూయార్క్‌లో ఆ రాత్రి జరిగే గ్రీన్‌విచ్ విలేజ్ హాలోవీన్ పెరేడ్ గురించి మీ పేజీలో ఒక్కసారీ చదివిన గుర్తు లేదు. 1974లో రాల్ఫ్ లీ అనే ముసుగుల కళాకారుడు తన పిల్లలతో, ఇరుగుపొరుగువారితో కలిసి పెద్ద పెద్ద బొమ్మలు పట్టుకుని ఆ పేట సందుల్లో నడిచారు. తర్వాత ఆ సందులు చాలక ఊరేగింపు సిక్స్త్ అవెన్యూకు మారింది. 2012లో శాండీ తుపాను వల్ల, 2020లో కోవిడ్ వల్ల ఆగిపోయిందే తప్ప, ఏటా అక్టోబరు 31న సాయంత్రం 7 గంటల ప్రాంతంలో మొదలై ఉత్తరంగా పద్నాలుగో వీధి దాటేదాకా సాగుతుంది. మనుషుల కంటే ఎన్నో రెట్లు ఎత్తున్న అస్థిపంజరాల బొమ్మలను కర్రలపై ఎత్తి ఆడించేవాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు. వేషం వేసుకుని వచ్చిన ఎవరైనా టికెట్ లేకుండా అందులో నడవవచ్చు.

వేషం ఎందుకు వేసుకోవాలో ఈ చివరి సంగతి వల్లే తెలుస్తుంది. మామూలు బట్టల్లో చూడటానికి వెళ్లినవారు బారికేడ్ల వెనుక, ముఖ్యంగా బ్లీకర్ స్ట్రీట్ నుంచి పద్నాలుగో వీధి వరకు, కాలు కదపలేని గుంపులో రెండు మూడు గంటలు నిలబడి, ముందున్నవారి భుజాల సందుల్లోంచి చూడాలి. వేషం వేసుకున్నవారు విశాలమైన రోడ్డు మధ్యలో, బ్యాండు వెనుక, తమ నడకతో తాము సాగిపోతారు. ఊరేగింపును చూడటం కంటే అందులో నడవడమే తేలిక అని మా వాళ్లకు చెబితే మొదట ఎవరూ నమ్మలేదు.

నడవదలచినవారు కెనాల్ స్ట్రీట్ ప్రాంతంలో వరుసలో చేరాలి. ఎడిసన్, ఇసెలిన్ వైపు ఉండేవారు మెట్రోపార్క్ నుంచి రైల్లో న్యూవార్క్ పెన్ స్టేషన్‌కు వచ్చి, అక్కడ నది కిందుగా న్యూయార్క్‌కు వెళ్లే పాత్ (PATH) రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి, ఇరవై నిమిషాలు ఉత్తరంగా నడిస్తే గుంపు చిక్కబడే వీధుల్లోకి అడుగుపెట్టకుండానే అక్కడికి చేరతారు. క్రిస్టఫర్ స్ట్రీట్, తొమ్మిదో వీధి పాత్ స్టేషన్లు పటంలో దగ్గరగా కనిపించినా, ఆ రాత్రి అక్కడ రాకపోకలకు ఆంక్షలు ఉండవచ్చు కనుక వాటిని నమ్ముకోకపోవడం మంచిది. బయలుదేరే ముందు ఆ ఏటి చేరిక సమయాన్ని, చోటును నిర్వాహకుల ప్రకటనలో ఒకసారి సరిచూసుకోవాలి. కారు మాత్రం ఇంటి దగ్గరే ఉండాలి.

భోజనం సంగతి మనవాళ్లు చివరికి వదిలేస్తారు. నా లెక్కన అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అదే. సాయంత్రం నాలుగున్నరకే ఇంట్లో పెరుగన్నమో పులిహోరో కడుపునిండా తిని బయలుదేరితే దారిలో ఆకలి బాధ ఉండదు. మంచినీళ్లు కొద్దిగానే తాగడం మేలు, ఎందుకంటే ఆ దారిలో మరుగుదొడ్డి దొరకడం గగనం. ఊరేగింపు ముగిసే చోటు నుంచి పాతిక నిమిషాలు ఈశాన్యంగా నడిస్తే లెక్సింగ్టన్ అవెన్యూలో ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదో వీధుల దగ్గర దోసెలు, ఇడ్లీలు దొరికే భారతీయ హోటళ్లు వరుసగా ఉంటాయి. శాకాహారులున్న బృందానికి ఆ రాత్రి అంతకంటే నిశ్చింత మరోచోట దొరకదు. ముఖానికి తెల్లరంగు పూసుకున్న దెయ్యాలు నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని రెండోసారి సాంబారు అడుగుతుంటే అక్కడివారు వింతగా చూస్తారనుకోకండి. పక్క బల్ల మీద ఎవరో అంతరిక్ష యాత్రికుడు కూర్చుని ఉంటాడు. భోంచేసి పడమరగా నడిస్తే న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కడి నుంచి తిన్నగా మెట్రోపార్క్‌కు రైలు. తిరుగు రైళ్ల వేళలు ముందే రాసిపెట్టుకుంటే ఎవరూ ఎవరినీ తొందరపెట్టనవసరం ఉండదు.

వేషాల కోసం వందల డాలర్లు తగలేయవద్దు. అక్టోబరు ఆఖరున ఆరు గంటలలోపే సూర్యాస్తమయం అయిపోతుంది, రాత్రికి చలి పది డిగ్రీల దగ్గరకు వస్తుంది. దుకాణాల్లో అమ్మే పలుచని నైలాన్ వేషంలో వణుకుతూ నడవడం కంటే, లోపల చలికి తట్టుకునే బట్టలు తొడుక్కుని పైన పాత తెల్ల నూలుచీర కట్టి, జుట్టు విరబోసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుంటే మన మోహినీ పిశాచం ముచ్చటగా తయారవుతుంది. కొరివిదెయ్యం కావాలనుకునేవారు బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోవాలి. గుంపులో నిప్పు వద్దు. కళ్లద్దాలు పెట్టుకునేవారికి రబ్బరు ముసుగు నరకమే, ఆవిరి పట్టి దారి కనబడదు. వారికి కాటుక, ముఖరంగు నయం. చెప్పులు మాత్రం రోజూ నడకకు వేసుకునేవే వేసుకోవాలి.

ఒక్క విషయంలో పట్టుదలగా ఉండాలంటాను. 2008లో మోడల్ హైదీ క్లుమ్ తన హాలోవీన్ పార్టీకి కాళికాదేవి వేషంలో వచ్చినప్పుడు మనవారిలో ఎంతోమంది నొచ్చుకున్నారు. మన పగటివేషగాళ్లు అర్ధనారీశ్వరుడి వేషం కట్టరా అని ఎవరైనా అడగవచ్చు. కడతారు, కానీ వారికి అది తరతరాలుగా వచ్చిన విద్య, చూసేవారు కూడా దానికి చేతులు జోడిస్తారు. చేతిలో గ్లాసుతో నిలబడే చోట దేవుళ్లు వద్దు. అలాగే మనకు నచ్చనిది ఇతరులకు చేయకూడదు గనుక అమెరికా ఆదివాసుల ఈకల కిరీటాలు, నల్లజాతివారిని అనుకరిస్తూ ముఖానికి నల్లరంగు పూసుకోవడం కూడా వద్దు. దెయ్యాలకు మనకు కరువా?

మద్యం గురించి విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. మత్తులో కారు నడుపుతూ అరెస్టయితే, కోర్టులో నేరం రుజువయ్యేదాకా ఆగకుండానే అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. ఒక రాత్రి సరదాకు చదువూ, ఇంటి దగ్గర తీసుకున్న అప్పూ రెండూ పణంగా పెట్టినట్టవుతుంది. రైలులో వెళ్లి రైలులో రమ్మని నేను పట్టుబట్టడానికి సగం కారణం ఇదే.

గుంపు విషయంలోనూ ఏమరుపాటు పనికిరాదు. 2022 అక్టోబరు 29 రాత్రి సియోల్‌లోని ఇటేవాన్‌లో హాలోవీన్ సరదాకు వచ్చినవారు ఒక ఇరుకైన వాలు సందులో ఇరుక్కుపోయి 159 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల ప్రాయంవారు. అక్కడ ఊరేగింపు లేదు, నిర్వాహకులు లేరు, ఎటు వెళ్లాలో చెప్పే దిక్కు లేదు. అందుకే బార్లు బారులు తీరిన సందుల్లో తిరగడం కంటే, మొదలూ చివరా నిర్ణయమైన వెడల్పాటి దారిలో నడవడం మేలని నమ్ముతాను. నలుగురైదుగురికి మించకుండా వెళ్లడం, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోవడం చాలు; ఆ గుంపులో ఫోన్లు పలకకపోవచ్చు.

అసలు జనమే వద్దనుకునేవారు హడ్సన్ నది వెంట ఉత్తరానికి వెళ్లవచ్చు. గ్రాండ్ సెంట్రల్ నుంచి మెట్రో నార్త్ రైల్లో క్రోటన్ హార్మన్ దాకా వెళితే, వాన్ కోర్ట్‌లాండ్ మేనర్ అనే పాత ఎస్టేట్‌లో చేత్తో చెక్కిన వేలాది గుమ్మడికాయలను దీపాలతో అలంకరించి ప్రదర్శిస్తారు. సమయం ముందుగా నిర్ణయించిన టికెట్లు కొనుక్కోవాలి, అవి త్వరగా అయిపోతాయి. అదే దారిలో ఒక పాత దెయ్యం కథలోని పేరును 1996లో తన పేరుగా పెట్టుకున్న స్లీపీ హాలో ఊరు కూడా ఉంది. మసాచుసెట్స్‌లోని సేలం ఊరికి బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలుంది కానీ, అక్టోబరులో అక్కడి రద్దీ భయంకరం. పైగా 1692లో మంత్రగత్తెలన్న నింద మోపి 19 మందిని ఉరితీసి, ఒక వృద్ధుడిని బండల కింద నలిపి చంపిన ఊరది. అక్కడ మంత్రగత్తె టోపీ పెట్టుకుని ఫొటోలు దిగడం నాకు మనస్కరించదు. చరిత్ర తెలుసుకోవాలని ఉంటే నవంబరులో వెళ్లి, ఆ మృతుల పేర్లు చెక్కిన స్మారకం దగ్గర కాసేపు నిలబడి రావచ్చు.

కనుక సంపాదకులకు నా మనవి ఇది. టికెట్ పార్టీల ప్రకటనలు వేయవద్దని అనడం లేదు, పత్రికకు ఆదాయం కావాలి. వాటి పక్కనే ఉచితంగా జరిగే ఊరేగింపులు, ప్రదర్శనల వివరాలను కూడా, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, చేరే స్టేషన్, శాకాహారం దొరికే చోటు, చివరి రైలు సమయంతో సహా, అక్టోబరు మూడో వారంలోపు ప్రచురించండి. వేర్వేరు నగరాల్లోని పాఠకులు తమ చోటి వివరాలు పంపేలా ఒక చిన్న ప్రకటన వేస్తే, ఎడిసన్ వైపు సమాచారం సేకరించి పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ