ఆ గోటువాద్యం సంగతి నేనే చెప్తాను, ఇంకొకళ్ల నోట వినకండి

అందరికీ నమస్కారం. విజయనగరంలో మన షాపుకొచ్చి వీణ రిపేర్లు చేయించుకునేవాళ్లు, మేళం కట్టించుకునేవాళ్లు, అంటే మైనం మీద మెట్లు శ్రుతికి కుదిరేలా పెట్టించుకునేవాళ్లు, ఈపాటికి వినే ఉంటారు, నేను ఎవరిదో పాత వాద్యం పాడు చేశానని. మీరు విన్నది సగమే. మిగతా సగం కూడా నేనే చెప్పేస్తాను, ఎందుకంటే అది ఇంకా సిగ్గుచేటు.

సంక్రాంతి అయ్యాక పార్వతీపురం వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పెట్టారు. అటక మీద దొరికిందట, మామగారిదట. కుండ, దండి అంటే పొడుగాటి మెడ, దాని చివర సింహంలాంటి యాళి మొహం, కింద బుర్ర, అన్నీ ఉన్నాయి, వేళ్లతో నొక్కే మెట్లు లేవు, వాటిని పట్టి ఉంచే మైనం లేదు. నేను టీ తాగుతూ చూసి రెండు నిమిషాల్లో జవాబు కొట్టేశాను. పాత వీణమ్మా, మెట్లు ఊడిపోయాయి, ఇలాగే అమ్మితే 8 వేలు కూడా రాదు, 14 వేలు పెడితే మీ మనవరాలు వాయించుకుంటుంది అని.

ఆవిడ తెచ్చారు. తెచ్చిన రోజే ఒక మాట అన్నారు, "మా మామగారు దీన్ని ఏదో కర్రతో పాముతూ వాయించేవారట బాబూ, మావారు చెప్పేవారు" అని. వీణని కర్రతో వాయించడమేంటమ్మా అని నవ్వేశాను. సంచిలో నిజంగానే ఒక కర్రముక్క ఉంది, నల్ల చేవది, నున్నగా, బొటనవేలంత లావు. పక్కన పడేశాను. తర్వాత మైనం అదమడానికి చేతికి భలే కుదిరిందని దాన్నే వాడాను. ఇది టైప్ చేస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

దండికి ఒక పక్కన చిన్న చిన్న బెజ్జాలు పన్నెండు ఉన్నాయి. పుచ్చు అనుకున్నాను. రంపప్పొట్టులో ఫెవికాల్ కలిపి కూరేసి పైన పాలిష్ కొట్టేశాను. తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి మా నాన్న చూపించిన పాళ్లలోనే కాచి, రెండు గట్లు పోసి, 24 మెట్లూ పెట్టి మేళం కట్టేశాను. మేళం బాగా కుదిరింది, ఆ మాట నన్ను తిట్టేవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

అప్పుడు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మెల్లగా అన్నాడు, "గురువుగారూ, పురుగు స్కేలు పెట్టుకుని తొలుస్తాదా?" టేపు తీసి కొలిచాను. అన్నీ సమాన దూరంలో ఉన్నాయి. పుచ్చు కాదు, అవి తీగలు బిగించే బిరడల బెజ్జాలు. ఇక ఒక్కోటీ కనపడ్డం మొదలైంది. పలక మీద పెద్ద గుర్రం, అదే తీగలు ఆనే దిమ్మ, దాని మచ్చ పక్కనే ఇంకో చిన్న గుర్రం మచ్చ ఉంది. వీణకి కావాల్సింది 7 తీగలైతే దీనికి తీగలు కట్టే చోట ఇరవై దాకా చిల్లులున్నాయి. అన్నిటికంటే ముఖ్యమైంది, దండి మీద నేను పోసింది తప్ప పాత మైనం మరక ఒక్కటి లేదు. మైనం ఒకసారి పోశాక ఎంత గీకినా చెక్కలో నలుపు మిగులుతుంది, 32 ఏళ్లుగా గీకుతున్నవాడిని నాకు తెలీదా? మెట్లు ఊడిన వీణ కాదది, పుట్టినప్పటి నుంచీ మెట్లు లేనిదే.

గోటువాద్యం అండీ, చిత్రవీణ అని కూడా అంటారు. పైన 6 తీగలు, పక్కన తాళం తీగలు 3, కింద వాటంతట అవే పలికే తరపు తీగలు పదకొండో పన్నెండో. కుడిచేత్తో మీటుతూ ఎడమచేత్తో ఆ కర్ర తీగల మీద జారుస్తారు. తిరువిడైమరుదూరు సఖారామారావు గారు కచేరీల్లో వాయించి పేరు తెచ్చారు దీనికి, పెద్ద గాత్ర విద్వాంసులు శెమ్మంగుడి అంతటాయన ఆయన దగ్గర నేర్చుకున్నారు. తర్వాత మైసూరు ఆస్థానంలో నారాయణ అయ్యంగారు. మన వైపు నా చేతికొచ్చింది ఇదొక్కటే, దానికి నేను చేసిన మర్యాద ఇదీ.

మూడు రాత్రులు నిద్ర లేదు. శుక్రవారం ఆవిడ వచ్చి తీసుకెళ్తే ఎవరికీ తెలీదు. వీణలాగే మోగుతోంది, మనవరాలికి క్లాసు కూడా మాట్లాడేసుకున్నారు. నిజం చెప్తే మెట్లన్నీ పీకాలి, నేర్పేవాళ్లు దగ్గర్లో లేరు, పిల్ల ఏడుస్తుంది, వాద్యం మళ్లీ అటకెక్కుతుంది. అలా నాకు నేనే లాయర్ని పెట్టుకుని వాదించుకున్నాను. మా ఆవిడ ఒకటే అంది, "చెప్పకపోతే ఆ కర్ర కనపడ్డప్పుడల్లా నా మీద విసుక్కుంటారు, చెప్పేయండి". గురువారం పొద్దున్నే ఫోన్ చేశాను. అంతా విని ఆవిడ "చెప్పాను కదా బాబూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

మెట్లు తీసేశాను, మైనం వేడి చేసి బ్లేడుతో లేపాను, బెజ్జాలు తెరిచాను. పదకొండు శుభ్రంగా వచ్చాయి, ఒకదాని అంచు లేచిపోయింది. చెక్కలో నలుపు ఉండిపోయింది, అది నేను పెట్టిన మచ్చే. డబ్బులు తీసుకోలేదు. పిల్లకి మన షాపు వీణ ఒకటి అద్దె లేకుండా ఇచ్చాను.

అమెరికాలో ఉన్న టీచరమ్మ గారబ్బాయి ధర అడిగాడు. ఈసారి నేను అంకె చెప్పలేదు. 1972 పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటితే పురాతన వస్తువు, దేశం దాటించకూడదు, వయసు మీద అనుమానం ఉంటే ముందు ఆర్కియాలజీ వాళ్ల సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కుండ చుట్టూ తెల్ల పట్టీలు ఉన్నాయి, ఏనుగు దంతమైతే అసలు అమ్మడమే నేరం. భూతద్దం పెట్టి చూశాను, దంతానికుండే అడ్డగీతలు లేవు, ఎముకకుండే సన్న నల్లచుక్కలు ఉన్నాయి. ఎముకే అనుకుంటున్నాను, కానీ నేను అనుకోవడం మీద ఎవరూ బేరం పెట్టుకోకండి. చెన్నైలో దీన్ని వాయించేవాళ్లకి చూపించి అడగమన్నాను.

ఇకనుంచి ఫోటో చూసి ధర చెప్పను, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే. వస్తువు షాపుకి రావాలి, ఒక వారం నా దగ్గర ఉండాలి, అప్పుడే మాట్లాడతాను. రిపేర్ల రేట్లు మారలేదు. ఇప్పటికే ఇచ్చిన వీణలు మాత్రం పది రోజులు లేటవుతాయి, ఏమనుకోకండి.

గ్రూపులో "వీణకీ గోటుకీ తేడా తెలీనోడు" అని ఒకాయన పెట్టారట. అయ్యా, మీ వీణకి మేళం కట్టింది నేనే, ఆరేళ్లయింది, ఒక్క మెట్టు కదిలిందేమో చూసుకుని అప్పుడు రాయండి.

ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది. పాత వాద్యం తెచ్చేవాళ్లు దాంతోపాటు సంచిలో, పెట్టెలో ఏ చెత్త ఉన్నా పారేయకుండా అన్నీ తీసుకురండి.