రేడియం పనివాళ్ల పరీక్షల గురించి అమ్మాయికి

చి. సౌ. స్రవంతికి అమ్మ ఆశీస్సులు.

న్యూజెర్సీలో ఆరెంజ్ ఊరి రేడియం పనివాళ్ల మీద క్లాసులో మాట్లాడాలన్నావు. కుళ్లిన దవడల సంగతి ఎవరైనా చెబుతారు. నువ్వు పరీక్షల గురించి చెప్పు అమ్మలూ. బతికున్న మనిషి ఒంట్లో రేడియం ఉందో లేదో పట్టుకోవచ్చని 1925లోనే తేలింది. ఆ ఫలితం ఎవరి చేతికి వెళ్లిందన్నదే నాకు ముఖ్యం.

అమ్మాయిలు బ్రష్ మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ, గడియారాల అంకెలకు రేడియం కలిపిన, చీకట్లో మెరిసే రంగు వేసేవారు. మింగిన రేడియంలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో మలంతో పోతుంది. రక్తంలో చేరిన దాంట్లో కొంత, కాల్షియం దారినే పోయి ఎముకలో స్థిరపడుతుంది. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 1600 ఏళ్లు. రేడియం వెదజల్లే ఆల్ఫా కణాలు ఒళ్లు దాటి రావు కనుక బయట పెట్టిన పరికరానికి అందవు. రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు మాత్రం ఊపిరితో బయటికొస్తుంది. ఒంట్లో మిగిలిన రేడాన్ నుంచి సీసం-214, బిస్మత్-214 పుడతాయి, వాటి గామా కిరణాలు బయటికి తెలుస్తాయి. ఆరెంజ్ ఊరు ఉన్న ఎసెక్స్ కౌంటీలో మెడికల్ ఎగ్జామినర్ (మరణ కారణాలు తేల్చే ప్రభుత్వ వైద్యుడు) హారిసన్ మార్ట్‌లాండ్ ఈ రెండు దారుల్లోనూ పరీక్షించారు. ఆ రంగును కనిపెట్టిన సబిన్ వాన్ సొచోకీ ఊపిరిలోనే రేడియోధార్మికత బయటపడింది. ఆయన 1928లో చనిపోయారు.

రెండు కొలతలూ ఎందుకంటే, ఎప్పుడో ఎముకలో చేరిన రేడియం పుట్టించే రేడాన్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఊపిరితో పోతుంది. గామా చూపేది మిగిలిన వంతునే. ఒక్క గామానే నమ్మితే అసలు రేడియంలో మూడో వంతే లెక్కకొస్తుంది. పైగా తొలినాళ్ల రంగులో మెసోథోరియం, అంటే రేడియానికే మరో రూపమైన రేడియం-228 కూడా ఉండేది. దాని నుంచి వచ్చే థోరాన్ అనే వాయువు అర్ధాయువు నిమిషం లోపే, ఊపిరిదాకా వచ్చేసరికి చాలావరకు అయిపోతుంది. అక్కడ గామాయే దిక్కు.

తప్పులు ఎక్కువగా నమూనా దగ్గరే జరుగుతాయి. రంగు వేసే షాపులో గాలి నిండా రేడాన్ ఉండేది. పని దిగిన మనిషి చేత వెంటనే ఊదిస్తే ఆ గాలినే కొలుస్తావు. ముందు కొంతసేపు శుభ్రమైన గాలి పీల్చనివ్వాలి. నెల పైన నిలవ ఉన్న సిలిండర్ గాలి మేలు. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు కనుక 38 రోజులకు వెయ్యో వంతే మిగులుతుంది. గామాకు ముందు తలస్నానం చేయించి, గోళ్లు శుభ్రం చేయించి, బట్టలు మార్పించాలి. లేకపోతే ఒంటి మీది దుమ్ము ఎముకలో ఉన్నట్టు లెక్కలోకి వస్తుంది. నిన్నమొన్న మింగింది పేగుల్లో ఉన్నా అంతే. పని మాన్పించి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కొలవాలి. ఊపిరి పట్టిన ఫ్లాస్కును మర్నాడు కొలిస్తే అప్పటికే ఆరో వంతు రేడాన్ పోయి ఉంటుంది. నమూనా తీసిన గంట రాసుకోకపోతే ఆ లెక్క సరిదిద్దలేవు.

రక్తపరీక్ష బాగుందని పంపేయడం నాకు అస్సలు ఒప్పుదల కాదు. రక్తం చాలాకాలం మామూలుగానే ఉండొచ్చు. దవడ ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికి ఎముక అప్పటికే దెబ్బతిని ఉంటుంది. భౌతిక శాస్త్రవేత్త రాబ్లీ ఎవాన్స్ వంటివారి కొలతల ఆధారంగా 1941లో అమెరికా ఒంట్లో రేడియానికి 0.1 మైక్రోగ్రాము హద్దు పెట్టింది. లీటరు ఊపిరిలో సుమారు ఒక పికోక్యూరీ (రేడియోధార్మికతకు చాలా చిన్న కొలమానం) రేడాన్ కనిపిస్తే అంత ఉన్నట్టు. ఎముకలో చేరినదాన్ని సరిగా బయటికి తీసే మందు లేదు. ముందుగా తెలిస్తే మనిషిని ఆ పని నుంచి తప్పించగలం, అంతే. ఆ ఒక్కటీ చాలా పెద్ద మేలు.

ఆ మేలే చాలామందికి దక్కలేదు. ఇల్లినాయ్‌లో ఒట్టావా ఊరి రేడియం డయల్ కంపెనీ పనివాళ్లకు పరీక్షలు చేయించి, ఫలితాలు వాళ్లకు చెప్పలేదు. న్యూజెర్సీలోనేమో కంపెనీ మీద దావాకు అప్పట్లో రెండేళ్లే గడువు. రోగం బయటపడేసరికే అది దాటిపోయేది. అందుకే కొలత తేదీ, గంట, ఊపిరి అంకె, గామా అంకె, కొలిచినవారి సంతకం ఉన్న కాగితం ఒక ప్రతి పనివాళ్ల చేతికే అదే రోజు ఇవ్వాలని నీ క్లాసులో గట్టిగా చెప్పు.

ఇట్లు,
అమ్మ