సంక్రాంతి కార్డుల గురించి నాన్న రాస్తున్నా

చిట్టితల్లీ,

ఈసారి సంక్రాంతికి ఫార్వర్డ్ మెసేజ్‌లు కాదు, నేనే కార్డులు చేసి పోస్ట్ చేస్తా అన్నావంట కదా, అమ్మ చెప్తే ఎంత సంతోషమేసిందో. నువ్వు పెట్టిన ఫొటో కూడా చూశా, ముగ్గు స్టాంపు చక్కగా పడింది కానీ దాని మీద చల్లే గోల్డ్ ఎంబాసింగ్ పౌడర్, అదే వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరిసేది, ముగ్గు చుట్టూ కూడా చుక్కలు చుక్కలుగా అంటుకుంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా, పక్కన పెట్టుకుని చెయ్యి.

ఆ చుక్కలు చేతి తడి వల్ల, కాగితంలో స్టాటిక్ కరెంటు వల్ల వస్తాయి. స్టాంపు వేసే ముందు కాస్త టాల్కమ్ పౌడర్ పల్చటి బట్టలో మూటగట్టి కాగితమంతా అద్ది దులిపెయ్యి. అయినా ఒకటీ అరా మిగిలితే వేడి పెట్టకముందే సన్నటి పొడి బ్రష్‌తో తీసెయ్, కరిగాక ఇంక రావు. ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఇంకు అస్సలు వాడకు, అది చప్పున ఆరిపోతుంది, పౌడర్ పట్టుకునే టైమే ఉండదు. పిగ్మెంట్ ఇంకు గానీ ఎంబాసింగ్ ఇంకు గానీ తీసుకో, అవి చాలాసేపు తడిగా ఉంటాయి. పౌడర్ ధారాళంగా చల్లు, మిగిలింది మడతపెట్టిన కాగితం మీదకి వొంపి మళ్ళీ సీసాలో పోసుకోవచ్చు, ఏమీ వేస్ట్ కాదు.

హెయిర్ డ్రయ్యర్‌తో కుదరదమ్మా, దానికి వేడి చాలదు, పైగా గాలి ఎక్కువ, పౌడరంతా ఎగిరిపోతుంది. బాగా వేడి గాలి కొట్టే హీట్ గన్నే కావాలి, ముందు పక్కకి తిప్పి వేడెక్కనిచ్చి అప్పుడు కార్డు మీదకి తీసుకురా. కాసేపు ఏమీ అవ్వదు, గరుగ్గా ఇసకలాగే ఉంటుంది, ఉన్నట్టుండి ఒక మూల కరిగి మెరుస్తుంది, ఆ మెరుపు పాకుతున్న కొద్దీ గన్ కూడా జరుపుతూ పో. కరిగిన చోటే గన్ ఉంచేశావంటే పౌడర్ కాగితంలోకి ఇంకిపోయి ఉబ్బు అణిగిపోతుంది. కార్డు వంగిపోకుండా 250 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) పైన ఉన్నది కొనుక్కో.

నేను ప్రెస్సులో పనిచేసినన్నాళ్ళూ చూసిందీ ఇదే. పెళ్ళి శుభలేఖ మీద వేలు పెడితే తగులుతాయే ఉబ్బెత్తు అక్షరాలు, చాలా కార్డుల్లో అవి ఇలా వచ్చినవే, థర్మోగ్రఫీ అంటారు. ఇంకు తడి ఆరకముందే పౌడర్ పడుతుంది, ఎక్కువైంది మెషీనే లాగేస్తుంది, బెల్ట్ మీద హీటర్ కింద నుంచి వెళ్ళేసరికి కరిగి ఉబ్బుతుంది. ఇంకు లేకుండా కాగితాన్నే ఉబ్బించేది వేరు, దానికి పైనొకటి కిందొకటి డైలు, అంటే అచ్చులు, పెట్టి నొక్కుతారు. నువ్వు ఇంట్లో చెయ్యాలంటే స్టెన్సిల్‌ని కార్డుకి ముందు వైపు టేపుతో అంటించి, ఆ వైపు కిటికీ అద్దానికి ఆనించి, వెలుగులో గీతలు కనపడతాయి కదా, వెనక నుంచి గుండ్రటి మొన ఉన్న స్టైలస్‌తో అంచుల వెంట నెమ్మదిగా నొక్కుతూ పో. తెల్ల కార్డు మీద తెల్ల ముగ్గు అలా ఉబ్బి కనపడితే, నా మటుకు నాకు గోల్డ్ కన్నా అదే అందం.

తెలుగు అక్షరాల స్టాంపు కావాలన్నావు, రబ్బరు స్టాంపులు చేసే షాపులో 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని రాసిస్తే చేసిస్తారు, అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా పెట్టించు. మన సున్నాలూ వత్తులూ చిన్నవైతే పౌడర్ కరిగి పూడిపోతాయి, 'క్రా' ఏంటో 'భా' ఏంటో తెలీదు. సన్న అక్షరాలకి సూపర్‌ఫైన్ పౌడర్ అని విడిగా దొరుకుతుంది, అది వాడు. లోపల మాత్రం స్టాంపు వద్దురా, పెన్నుతో నువ్వే రాయి, మీ నాయనమ్మ నీ అక్షరాలు చూసుకోవాలి కదా.

కవర్లో పెట్టేటప్పుడు ఉబ్బు మీద ఒక బటర్ పేపర్ ముక్క వెయ్యి, రాసుకోకుండా ఉంటుంది. పండక్కి పది రోజుల ముందే పోస్ట్ చేసెయ్. రాగి రంగు పౌడర్ ఇక్కడ మంచిది దొరుకుతోంది, కావాలంటే అమ్మ పంపే అరిసెల పార్సిల్లో పెట్టిస్తా, చెప్పు.

నాన్న