పాత స్పోర్ట్స్ సెడాన్ కొనే ముందు ఇంజిన్ సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత కారు కొని ఇంజిన్ పవర్ పెంచుకునే సరదా మన కుర్రాళ్లలో బాగా పెరిగింది. ఇంజిన్ పని చేసేవాణ్ణి కాబట్టి ఇది రోజూ చూస్తున్నాను. షెడ్డుకు వచ్చీ రాగానే అడిగే మాట, "అన్నా, దీన్ని ఎంత పవర్ దాకా తీసుకెళ్లొచ్చు?" అప్పటికే బండి కొనేసి ఉంటారు. ఏ బండి కొనాలో అడగడానికి మాత్రం ముందుగా ఎవరూ రారు. డబ్బంతా పోయేది అక్కడే.

మన దగ్గర ఈ పనికి బాగా వినిపించే పేర్లలో రెండు చెబుతాను. ఒకటి 2000 నుంచి 2003 దాకా అమ్మిన హోండా సిటీ 1.5 వీటెక్, రెండోది 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. సిటీ తేలికైన బండి, 106 హార్స్‌పవర్, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఆ ఇంజిన్ లాగే తీరు నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ దానికి టర్బో (పొగ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) లేదు, 1500 సీసీలోంచి రాబట్టగలిగినంత కంపెనీ వాళ్లే చాలావరకు రాబట్టేశారు. హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపులు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఫిల్టర్ అన్నీ మార్చినా నాలుగైదు హార్స్‌పవర్ పెరిగితే గొప్ప, ఎక్కువగా పెరిగేది శబ్దమే. ఆక్టేవియా కథ వేరు. 1.8 లీటర్ టర్బో, సిలిండర్‌కు ఐదు వాల్వులు, ఇక్కడ 150 హార్స్‌పవర్‌తో అమ్మారు. అదే కారు యూరప్‌లో 180తో వచ్చింది, అదే కుటుంబం ఇంజిన్‌కు పెద్ద టర్బో పెట్టి ఆడి టీటీలో 225 దాకా ఇచ్చారు. తయారుచేసిన వాళ్లే ఎక్కువ పవర్‌తో అమ్మిన ఇంజిన్ అంటే లోపల ఇంకా బలం ఉన్నట్టు. బండి ఎంచుకోవడానికి నేను నమ్మే లెక్క ఇదే.

అలాగని కనిపించిన ఆక్టేవియానల్లా కొనేయకండి, వాటి వయసు ఇప్పుడు ఇరవై ఏళ్లు. బేరం మొదలుపెట్టే ముందు ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూడండి. లోపల తేనె రంగు మరకలుంటే ఫరవాలేదు, నల్లటి జిగురు పేరుకుపోయి ఉంటే ఆ బండికి ఆయిల్ టైముకు మార్చలేదని అర్థం, టర్బో బేరింగ్‌కు వెళ్లే సన్నని పైపులో కూడా అదే ఉంటుంది. తర్వాత ఇంజిన్ వేడి మీద ఉండగా నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (లోపల ఒత్తిడి ఎంత నిలుస్తుందో కొలిచేది) పెట్టించండి. అన్నీ కాస్త తక్కువగా ఉన్నా ఒకేలా ఉంటే ఆలోచించొచ్చు, మూడు బాగుండి ఒకటి పడిపోయి ఉంటే మాత్రం ఓనరు ఎంత తగ్గించినా వదిలేయండి. వాక్యూమ్ పైపులను వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తాయి. ఇగ్నిషన్ కాయిల్స్, టైమింగ్ బెల్ట్, దాంతోపాటే వాటర్ పంపు (పాతవాటిలో పంపు రెక్కలు ప్లాస్టిక్‌వి, అవి విరిగితే ఇంజిన్ హీటెక్కుతుంది) ఇవన్నీ ఎలాగూ మార్చాల్సినవే, ఆ ఖర్చు బండి ధరలో కలిపే లెక్కేసుకోండి.

రీమ్యాప్, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చడం, గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్‌కు (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆ పెట్రోల్ ఒత్తిడికి తనంతట అంటుకోకుండా అంత తట్టుకుంటుంది) రాసిన ప్రోగ్రామ్ ఫైల్‌ను ఎక్కడినుంచో తెచ్చి ఇక్కడి బండ్లలో ఎక్కిస్తున్నారు. మనం బంకులో పోయించేది ఆ పెట్రోల్ కాదు. ఇంజిన్‌లో నాకింగ్ (పెట్రోల్ తనంతట అదే పేలడం) మొదలవుతుంది, టర్బో శబ్దంలో అది డ్రైవరుకు వినపడదు, వినపడేసరికి పిస్టన్ అంచు కరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఈ20 (ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్) కూడా వచ్చింది, ఆ రోజుల్లో బిగించిన రబ్బరు పైపులు అంత ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. ముందు పైపులు, ఫ్యూయల్ పంపు మార్పించండి, ఆ తర్వాత మీరు నిజంగా వాడే పెట్రోల్‌కు తగ్గట్టు ట్యూన్ చేయించండి. బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు కొత్తవి పడేదాకా పవర్ ఊసే ఎత్తొద్దు. ఇది నేను ఎవరితోనూ రాజీపడని విషయం, ఎందుకంటే ఆ బండి ముందు నడిచేది వేరేవాళ్ల పిల్లలు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడేలా చేశారు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మారిస్తే యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఇవేవీ బండి అమ్మేవాడు చెప్పడు.

అయితే గ్యాస్ కిట్ బిగించుకుంటే తనిఖీ చేసి ఆర్‌సీలో ఎక్కించే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది కదా. ఇంజిన్, బ్రేకు మార్పులకూ అలాంటి దారే పెట్టమని కేంద్రాన్ని కోరుతున్నాను. పొగ, శబ్దం, బ్రేకులు పరీక్షించి, ఫీజు కట్టించుకుని, పాసైన వాటికి కాగితం ఇవ్వండి, ఫెయిలైన వాటిని రోడ్డెక్కనివ్వకండి. జర్మనీలో ఇలాగే పరీక్ష చేసి బండి కాగితాల్లో రాస్తారు. అది వచ్చేదాకా కుర్రాళ్లు ఈ బండ్లను చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు ట్రాక్‌కో ట్రక్కు మీద తీసుకెళ్లి నడుపుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ అందుబాటు ధరలో అలాంటి చోటు ఒకటి ఉండాలని మీ పేపరు రాయాలి.

– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ